పెరటి ముచ్చట్లు: కోళ్ల నీళ్లు గడ్డకట్టకుండా

కోళ్ల నీళ్ల మాట వస్తే మనం ఎప్పుడూ వేసవి సంగతే చెప్పుకుంటాము. బళ్లారి ఎండలూ బరంపురం ఉక్కా ఎరిగినవాళ్లం గదా, నీళ్లు కాగిపోకుండా చూడడమెట్లాగన్నదే మన చింత. ఈ నెల మాత్రం అందుకు పూర్తిగా ఎదురు సంగతి చెప్పవలసి వచ్చింది. మన సంఘపు కుటుంబాలలో చాలా ఇళ్ల పిల్లలు నేడు అమెరికాలోనూ కెనడాలోనూ కాపురాలున్నారు. వారిలో కొందరు, మునిసిపాలిటీ అనుమతి ఉన్నచోట్ల, పెరట్లో నాలుగు పెట్టలను సాకుతున్నారు. చలికాలం వచ్చిందంటే అక్కడి కూతుళ్లూ కోడళ్లూ ఇక్కడి పెద్దవాళ్లను అడిగే ప్రశ్న ఒకటే: "అమ్మా, తెల్లవారి చూస్తే కోళ్ల నీళ్లు రాయిలాగా గడ్డకట్టి ఉంటున్నవి. ఏం చేయమంటావు?"

అమ్మకు తెలిసిన ఉపాయాలన్నీ వేసవివాయె! మట్టి మూకుట్లో పోయమనీ, వేపచెట్టు నీడను పెట్టమనీ చెప్పగలదు. ఆ రెండు సలహాలూ అక్కడ సరిగ్గా చెడగొట్టే సలహాలు. అందుచేత ఈ సంగతి కాస్త వివరంగా రాయడం మంచిదని మాకు తోచింది.

అంత దూరం పోనక్కరలేని వారు కూడా మనలో ఉన్నారు. నీలగిరిలో ఊటీ చుట్టుపట్ల, తలైకుందా, కాందల్ వంటి పల్లపు చోట్ల, డిసెంబరు జనవరి నెలలలో కొన్ని రాత్రులు పచ్చిక తెల్లగా పేరుకుపోతుంది. అక్కడి తమిళులు దానిని 'ఉరైపని' అంటారు. ఒడిషాలో కంధమాల్ జిల్లా దారింగబాడి కొండల మీదా అటువంటి రాత్రులున్నవి. మన భాషలో పొగమంచూ మంచే, ఆకాశం నుంచి రాలేదీ మంచే, పచ్చిక మీద పేరుకునేదీ మంచే. ఈ వ్యాసంలో మేము 'గడ్డ' అన్నచోటల్లా నీళ్లు బిగిసి రాయిగా మారడమనే అర్థం.

ముందు కోడి సంగతి చూద్దాము. గుడ్లు పెట్టే పెట్ట రోజుకు 100 మొదలు 120 గ్రాముల దాకా మేత తింటుంది. నీళ్లు దానికి రెండింతలు, అంటే దాదాపు పావు లీటరు తాగుతుంది. పెంకు తీసి చూస్తే గుడ్డులో నాలుగింట మూడు పాళ్లు నీళ్లే. కోడికి పళ్లు లేవు. తిన్న గింజ గొంతు కింది సంచిలో నాని మెత్తబడిన తరువాతనే కందనకాయకు చేరి నలగాలి. నీళ్లు లేకపోతే గింజ నానదు, గింజ నానకపోతే కోడి మేత ముట్టదు. చలిదేశంలో కోడికి ఒంట్లో వెచ్చదనం పుట్టించేది మేతే. కనుక అక్కడ నీళ్లు గడ్డకడితే కోడికి దాహం ఒక్కటే కాదు, ఆకలీ చలీ కూడా కలిసి వస్తాయన్నమాట.

"చుట్టూ మంచు పడి ఉన్నది గదా, దాన్నే పొడుచుకు తింటుందిలే" అని కొందరంటారు. తింటుంది, నిజమే. కాని గుడ్డు పెట్టే కోడికి ఆ నీరు చాలదు. పైగా తిన్న మంచును కరిగించడానికి తన ఒంటి వేడినే ఖర్చు పెట్టుకోవాలి. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతం. బయట సున్నకు 20 డిగ్రీలు కింద ఉన్నప్పుడు ఆ వేడిని నిలుపుకోవడమే దానికి పెద్ద పని. దాని నెత్తిన ఇంకొక పని పెట్టరాదు.

ఇక్కడ అందరూ మరిచిపోయే మాట ఒకటున్నది. కోడి చీకట్లో నీళ్లు తాగదు. పొద్దుగూకి దండెం ఎక్కిందంటే మళ్లీ వెలుతురు వచ్చేదాకా దిగదు. అమెరికాలో మినెసోటా వంటి ఉత్తరపు రాష్ట్రంలో డిసెంబరు నెలలో పగలు దాదాపు 9 గంటలే, తక్కిన 15 గంటలూ రాత్రే. గడ్డకట్టే చలి ముమ్మరంగా ఉండేది ఆ రాత్రిలోనే. ఆ 15 గంటలూ నీళ్లు కరిగి ఉంచాలని దీపాలూ తీగెలూ పెట్టి అవస్థ పడేవారు కోడికి అక్కరలేని నీళ్ల కోసం అవస్థ పడుతున్నారు. పొద్దుగూకగానే పాత్ర ఖాళీ చేసి ఇంట్లోకి తెచ్చేస్తే రాత్రి చలితో మనకు పేచీయే లేదు. మనం కాపాడవలసినది పగటి నీళ్లను మాత్రమే. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే సగం కష్టం అక్కడే తీరిపోతుంది.

ఇక పగటి నీళ్ల సంగతి. నీళ్లు గడ్డకట్టకుండా చూడడం తెలియాలంటే, కావాలని గడ్డకట్టించినవారు ఏం చేసేవారో తెలుసుకోవడం దగ్గరి దారి. మన దేశంలో యంత్రాలు రాకముందే మంచుగడ్డలు చేసేవారు. అలహాబాదులో (2018 నుంచి ప్రయాగరాజ్) ఆ పని జరిగే తీరును సర్ రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి వర్ణించగా, లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో 1775లో అచ్చయింది. బయలులో రెండడుగుల లోతున విశాలమైన గుంటలు తవ్వి, అడుగున ఎండిన చెరకు కాడలో మొక్కజొన్న కాడలో ఒక అడుగు మందాన పరిచేవారు. వాటి మీద అంగుళంబావు లోతు గల మట్టి చిప్పలు వరుసగా పేర్చి, కాచి చల్లార్చిన నీళ్లు పోసి రాత్రంతా వదిలేసేవారు. గాలి లేక, ఆకాశం మబ్బులు లేక తేటగా ఉన్న రాత్రులలో తెల్లవారేసరికి చిప్పలలో గడ్డ తేలి ఉండేది.

అందులో కిటుకులు నాలుగున్నవి. చిప్ప లోతు తక్కువ కాబట్టి కొద్ది నీళ్లకు ఎక్కువ పైభాగం దొరికి వేడి త్వరగా పోయేది. మట్టి చిప్ప కాబట్టి నీరు ఊరి ఆవిరై పోతూ తక్కిన నీటిని చల్లబరిచేది. పైన కప్పు లేదు కాబట్టి నీటిలోని వేడి తేట ఆకాశంలోకి వెళ్లిపోయేది. కింద కాడలున్నవి కాబట్టి నేలలోని వేడి పైకి వచ్చి చిప్పను తాకేది కాదు. మన వేసవి ఉపాయాలన్నీ వీటికి అన్నదమ్ములే! కనుక గడ్డ వద్దనుకునే వారు ఈ నాలుగింటినీ తిరగేస్తే సరిపోతుంది.

లోతు తక్కువ చిప్ప బదులు లోతైన పాత్ర పెట్టాలి. నలుగురు కోళ్లకు లీటరు నీళ్లు చాలుననిపించినా నాలుగైదు లీటర్లు పట్టే తొట్టి మేలు. నీళ్లెక్కువయ్యే కొద్దీ చల్లబడడానికి పట్టే సేపూ ఎక్కువవుతుంది. మట్టి పాత్ర, గాజు పాత్ర అసలు వద్దు. నీళ్లు గడ్డకట్టేటప్పుడు నూటికి 9 పాళ్లు ఉబ్బుతాయి. ఆ ఒత్తిడికి కుండ పగులుతుంది, పెళుసు ప్లాస్టిక్కూ చిట్లుతుంది. రేకు పాత్ర పగలదు గాని వేడిని ఇట్టే వదిలేస్తుంది. అక్కడి పశువుల సరుకుల దుకాణాలలో నల్లని రబ్బరు తొట్లు అమ్ముతారు. అవి అన్నిటికన్నా అనువు. నలుపు ఎండను పట్టుకుంటుంది. ఒకవేళ గడ్డకట్టినా తొట్టిని బోర్లించి కాలితో నాలుగు తట్టు తడితే గడ్డ ఊడి పడుతుంది, తొట్టి చెడదు.

నీడ బదులు ఎండ కావాలి. అక్కడ చలికాలపు సూర్యుడు దక్షిణాన, చాలా కిందుగా నడుస్తాడు. కాబట్టి గూటికి దక్షిణపు పక్కన, ఉత్తరపు గాలి తగలకుండా గోడ చాటున తొట్టి పెట్టాలి. పాత కారు టైరు ఒకటి తెచ్చి లోపలి బోలులో ఎండుగడ్డి కుక్కి, మధ్యలో రబ్బరు తొట్టి దించితే చలి పక్కల నుంచి తగలదు. తొట్టి మీద చెక్క పలక ఒకటి కప్పి, కోడి తల పట్టేంత సందు మాత్రం వదిలితే పైనుంచి పోయే వేడి తగ్గుతుంది. ఆ సందు మరీ వెడల్పు కాకుండా చూడడానికి మరొక కారణమూ ఉన్నది. దానిని తరువాత చెబుతాము.

ఇక వేడి నీళ్లు పోస్తే ఎంతసేపు ఆగుతాయన్న ప్రశ్న. లెక్క వేసి చూద్దాము. 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు 4 లీటర్లు పోశామనుకోండి. అవి సున్న డిగ్రీలకు దిగేలోపల 160 కిలోకాలరీల వేడి వదలాలి. సున్నకు చేరాక కూడా వెంటనే గడ్డ కావు. పూర్తిగా గడ్డ కావాలంటే ఇంకా 320 కిలోకాలరీలు, అంటే అంతకు రెండింతలు వదలాలి. వేడిమాపిని కదలకుండానే ఇంత వేడి బయటకు పోతుందన్న సంగతిని స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ అనే పండితుడు 1760ల ప్రాంతంలో కనిపెట్టాడు. ఈ లెక్క మన పెరటికి చెప్పేదేమంటే, మొదట పైన పలుచని పొర మాత్రమే కడుతుంది, దాని అడుగున చాలా సేపు నీళ్లే ఉంటాయి. మధ్యాహ్నం ఒకసారి వెళ్లి ఆ పొరను చితక్కొట్టి తీసి పారేస్తే కోడికి నీళ్లు దొరుకుతాయి.

దీనిని బట్టి రోజు పని ఇట్లా పెట్టుకోవచ్చు. తెల్లవారి గూడు తెరిచేటప్పుడు గోరువెచ్చని నీళ్లు తీసుకుని వెళ్లాలి. రాత్రంతా తాగని కోళ్లు అప్పుడే ఎక్కువగా తాగుతాయి. మధ్యాహ్నం ఒకసారి చూడాలి. పొద్దుగూకడానికి ఒక గంట ముందు మళ్లీ గోరువెచ్చని నీళ్లు పోయాలి. రాత్రికి సంచి నిండా మేత పెట్టుకుని దండెమెక్కే కోడికి ఆ చివరి నీళ్లు ఎంతో అవసరం. తరువాత తొట్టి బోర్లించాలి. రెండు తొట్లుంటే ఒకటి ఇంట్లో వెచ్చగా ఉంటుంది, మరొకటి బయట పనిలో ఉంటుంది. నీళ్లు వేలు పెడితే హాయిగా ఉండాలి గాని పొగలు కక్కరాదు. పొగలు కక్కే నీటి ఆవిరి కోడి ముఖాన తడిగా పట్టి, ఆ తడే గడ్డకడుతుంది.

ఉప్పు సీసా ఉపాయం ఒకటి అక్కడ చాలామంది చెబుతారు. ప్లాస్టిక్ సీసాలో చిక్కని ఉప్పునీళ్లు పోసి, మూత బిగించి తొట్టిలో తేలవేస్తారు. అయిదింట ఒక పాలు ఉప్పు కలిసిన నీళ్లు సున్నకు 16 డిగ్రీలు కిందికి పోయేదాకా గడ్డకట్టవు. సీసా గాలికి కదులుతూ పైపొర కట్టనివ్వకుండా చూస్తుంది. చలి కొద్దిగా ఉన్న రోజున, గాలి ఆడేచోట, ఇది కొంత సాయపడుతుంది. అంతకు మించి దీనిని నమ్మరాదు. చలి ముదిరితే సీసా చుట్టూ ఉన్న నీళ్లు గడ్డకట్టి సీసాను బిగించేస్తాయి. మూత వదులై ఉప్పు నీళ్లలోకి దిగితే కోళ్లకు ప్రమాదం. ఉప్పు ఎక్కువైతే కోడికి విషమే. తాగే నీళ్లలోనే ఇంత ఉప్పు వేస్తే పోదా అన్న ఆలోచన ఎన్నడూ రానీయకూడదు. మోటారు కార్లలో పోసే గడ్డకట్టని మందు కోళ్ల దగ్గరికే పోనీయకూడదు. అది తియ్యగా ఉండే గొప్ప విషం. కోళ్లకే కాదు, పిల్లలకూ కుక్కలకూ కూడా.

పొద్దున పనికి వెళ్లి చీకటి పడ్డాక ఇల్లు చేరేవారికి మధ్యాహ్నం నీళ్లు మార్చడం కుదరదు. అటువంటివారికి కరెంటుతో వెచ్చగా ఉండే పీటలున్నవి. చలి గడ్డకట్టే దాకా దిగగానే వాటంతట అవే రాజుకుని, వెచ్చబడగానే ఆరిపోతాయి. వాటిని కొనేటప్పుడు పైన పెట్టే పాత్ర రేకుదో ప్లాస్టిక్కుదో, ఎంత చలి వరకు పనిచేస్తుందో చూసి కొనాలి. తీగె కోళ్ల ముక్కుకు అందకుండా గొట్టంలో నడిపించాలి. తడిచోట కరెంటు దారి తప్పిందంటే తక్షణం ఆపివేసే మీట తప్పక ఉండాలి. పూర్వం బిస్కట్ల రేకు డబ్బాలో బల్బు వెలిగించి పైన పాత్ర పెట్టేవారు. ఇప్పటి ఎల్‌ఇడి బల్బులలో ఆ వేడి లేదు కనుక ఆ ఉపాయానికి కాలం చెల్లింది.

వేడి దీపం సంగతి మాత్రం గట్టిగా చెప్పవలసి ఉన్నది. నీళ్లకూ కోళ్లకూ కలిసి వస్తుందని కొందరు గూటిలో 250 వాట్ల ఎర్ర దీపం వేలాడదీస్తారు. గూటి నిండా ఎండుగడ్డి, ఈకలు, దుమ్ము. కోడి రెక్క విసిరితే దీపం ఊగుతుంది, కొక్కెం వదిలితే గడ్డిలో పడుతుంది. చలిదేశాలలో కోళ్ల గూళ్లు కాలిపోవడానికి ఈ దీపం పేరుపడిన కారణం. గూడు ఇంటి గోడను ఆనుకుని ఉంటే మంట ఇంటికీ పాకుతుంది. ఈకలు నిండి, పొడిగా గాలి తగలకుండా ఉన్న పెద్ద కోడి చలికి తట్టుకుంటుంది. దానికి దీపం అక్కర లేదు, నీళ్లు అక్కర. కరిగిన నీళ్లు నాలుగు గుక్కల కోసం నిద్రపోతున్న ఇంటిని పణంగా పెట్టవద్దని మీ పిల్లలకు తప్పక చెప్పండి. ఈ వ్యాసంలో తక్కినదంతా మరిచిపోయినా ఈ మాట ఒక్కటి మరువవద్దు.

ఇప్పుడు తొట్టి సందు వెడల్పు కాకూడదని ఎందుకన్నామో చెబుతాము. కోడి తల మీది తురాయి, గడ్డం కింద వేలాడే లోలకులు ఈక లేని తోలు. వెడల్పు తొట్టిలో తల వంచితే లోలకులు తడుస్తాయి. తడిసిన తోలు చలికి నల్లబడి చచ్చిపోతుంది. అందుకనే నీళ్ల పాత్రను వీలైనంత వరకు గూటి లోపల పెట్టరాదు. లోపల ఒలికిన నీరు, ఆవిరి గూట్లో చెమ్మ పెంచుతాయి. పొడి చలిని ఓర్చుకునే కోడి చెమ్మ చలిని ఓర్చుకోలేదు. కెనడాలో క్యూబెక్ రాష్ట్రపు ఓకా మఠంలో ఒక సన్న్యాసి 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో చాంటక్లేర్ అనే జాతిని ఈ బాధ తప్పించడానికే పెంచాడు. దాని తురాయీ లోలకులూ పేరుకు మాత్రమే ఉంటాయి. మన అసీలు పుంజు తురాయి కూడా చిన్నదేనన్నది మన ప్రాంతాల వారికి చెప్పనక్కరలేదు. కొత్తగా కోళ్లను కొనే పిల్లలకు తురాయి చిన్నగా ఉన్న జాతిని చూసి తెచ్చుకొమ్మని చెప్పవచ్చు.

నామక్కల్ పక్క కోళ్ల షెడ్లు చూసినవారు గొట్టానికి బొట్టు బొట్టుగా నీరు వచ్చే చిన్న మొనలను ఎరుగుదురు. ముక్కుతో తాకితే చుక్క పడుతుంది, నీళ్లు మురికి కావు, లోలకులు తడవవు. ఇన్ని సుగుణాలున్నా చలిదేశంలో మొట్టమొదట బిగిసిపోయేది ఆ సన్నని మొనే. అది పెట్టుకునే వారు నీళ్ల డబ్బాను లోపలి నుంచి వెచ్చజేసే ఏర్పాటు కూడా చేసుకోక తప్పదు.

నీలగిరిలోనూ దారింగబాడిలోనూ ఉన్నవారికి ఇంత హంగామా అక్కరలేదు. అక్కడి చలి రాత్రితో సరి, ఎండ పొడవగానే కరుగుతుంది. లోతైన పాత్రను ఆరుబయట కాక వసారా కప్పు కింద, గడ్డి మీద కాక గట్టి నేల మీద పెడితే చాలు. నేలలోని వేడి దానిని కాపాడుతుంది. అలహాబాదు వారు కాడలు పరిచి అడ్డగించింది ఆ వేడినే గదా. తెల్లవారి ఒక చెంబు వెచ్చని నీళ్లు పోస్తే పని పూర్తి అయినట్లే.

ఇంత చేసినా గుడ్లు తగ్గాయని చలిదేశపు పిల్లలు బెంగపెట్టుకుంటే వారికి ఒక మాట చెప్పండి. పెట్టకు నిండుగా గుడ్లు పెట్టడానికి రోజుకు 14 గంటల ప్రాంతం వెలుతురు కావాలి. 9 గంటల పగటిలో గుడ్లు తగ్గడం సహజం, అది నీళ్ల లోపం కాదు. నీళ్ల లోపమైతే గుర్తులు వేరు. మేత తొట్టిలోనే మిగిలిపోతుంది, తురాయి వాడి రంగు మాస్తుంది, గొంతు కింది సంచి గట్టిపడుతుంది. ఈ గుర్తులు కనబడితే వెంటనే నీళ్లు చూడాలి.

కోడి అరిచి మేత అడుగుతుంది గాని నీళ్లు అడగదు. గడ్డకట్టిన తొట్టి దగ్గరికి వచ్చి రెండుసార్లు ముక్కుతో కొట్టి, చప్పుడు లేకుండా పక్కకు వెళ్లి నిలబడుతుంది. అంచేత దానికి ఎన్ని పీటలు, ఎన్ని తొట్లు కొన్నా రోజుకు రెండుసార్లు వెళ్లి చూసే మనిషి ఉండాలి. మంచులో బూట్లు తొడుక్కుని చెంబుతో వెచ్చని నీళ్లు మోసుకుపోయే ఆ పని కూతురిదైనా అల్లుడిదైనా, లేక చలికాలం గడపడానికి అక్కడికి వెళ్లిన తాతగారిదైనా సరే. తాతగార్లు మాత్రం జారిపడకుండా మెట్ల మీద ఇసుక చల్లించుకుని దిగవలెను.

వచ్చే నెల కోళ్ల గూటిలో ఊక, రంపపు పొట్టు పరిచే విధానం గురించి ముచ్చటిద్దాము. మన కొండ ఊళ్లలో ఈ చలిని గురించి మీ ఇళ్లలో పెద్దలు పాటించే ఉపాయాలేమైనా ఉంటే రాసి పంపవలసిందిగా కోరుతున్నాము.